అడుగున పసుపు పట్టీ ఉన్న ఆవర్తన పట్టిక: ఒక గోడపటం సమీక్ష

ఆవర్తన పట్టిక గోడపటాలకు తిరుపతి గాంధీ రోడ్డులో కొరత లేదు. వాటిలో చాలావరకు ఒకే అచ్చుకు రంగులు మార్చినవి కాబట్టి సమీక్షించవలసిన అవసరం రాదు. మా జూనియర్ కళాశాల ప్రయోగశాల కోసం ఈ ఏడాది కొన్న తెలుగు పటం మాత్రం ఆ కోవకు చెందదు. మామూలు పటాలు 92వ మూలకమైన యురేనియం దాటగానే గడులకు బూడిద రంగు పూసి, ‘కృత్రిమ మూలకాలు’ అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకుంటాయి. ఈ పటం అడుగుభాగాన జానెడు వెడల్పు గల పసుపు పట్టీ ఒకటి వేసి, 93 నుంచి 118 వరకు గల ఇరవై ఆరు మూలకాలలో ఒక్కొక్కదానిని దేనితో దేనిని ఢీకొట్టి తయారుచేశారో కూడిక లెక్కల రూపంలో చూపింది. నా సమీక్ష ప్రధానంగా ఆ పట్టీ గురించే. మిగిలిన పటం గురించి చెప్పవలసింది తక్కువ: అక్షరాలు ఆఖరి బల్ల నుంచి కూడా చదవగలిగినంత పెద్దవి, లామినేషన్ గట్టిది, మేకుకు తగిలించే పైకర్ర మాత్రం నాసిరకం. ధర రూ. 280.

పట్టీ వెనుక ఉన్న ఆలోచన చాలా తేలికైనది, అందుకే మెచ్చుకోదగినది. మూలకం ఏదన్నది దాని కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే నిర్ణయిస్తుంది కాబట్టి, రెండు కేంద్రకాలను కలిపి ఒకటిగా చేయగలిగితే వాటి ప్రోటాన్ల మొత్తమే కొత్త మూలకపు పరమాణు సంఖ్య అవుతుంది. బిస్మత్‌లో 83, జింకులో 30, మొత్తం 113; జపాన్‌లోని రైకెన్ సంస్థలో కొసుకే మొరిటా బృందం నిహోనియాన్ని తయారుచేసింది ఈ కూడికతోనే. సీసంలో 82, జింకులో 30, మొత్తం 112. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1996లో కోపర్నీషియం పుట్టింది ఈ కూడికతో. ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇంతకంటే భారమైన గణితం అక్కరలేదు. అయితే కూడిక కాగితం మీద ఎంత సులభమో ప్రయోగశాలలో అంత దుర్లభమని కూడా పటం చెప్పి ఉండవలసింది. రెండు కేంద్రకాలూ ధనావేశం గలవే కాబట్టి ఒకదానినొకటి నెట్టివేసుకుంటాయి. వేగం చాలకపోతే అవి అసలు తాకవు, వేగం మితిమీరితే కలిసిన కేంద్రకం ఆ వేడికే రెండుగా చీలిపోతుంది. మధ్యనున్న సన్నని అవకాశంలో కూడా అసంఖ్యాకమైన తాకిడులకు ఒక్కటి ఫలిస్తే గొప్ప. రైకెన్ బృందానికి 2004లో ఒకటి, 2005లో ఒకటి, 2012లో ఒకటి చొప్పున మొత్తం మూడు పరమాణువులు మాత్రమే దక్కాయి. ఆ మూడు అనే అంకెను గడిలో వేసి ఉంటే పిల్లలు ఆ మూలకాన్ని జన్మలో మరచిపోయేవారు కాదు.

పట్టీని ఐదు రంగుల ఖండాలుగా విభజించారు. మొదటి ఖండం న్యూట్రాన్లది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కనుక కేంద్రకంలోకి సులువుగా చొరబడుతుంది. లోపలికి వెళ్ళిన తరువాత న్యూట్రాన్ ఒకటి ఎలక్ట్రాన్‌ను వదిలి ప్రోటాన్‌గా మారితే పరమాణు సంఖ్య ఒకటి పెరుగుతుంది. 1940లో అమెరికాలోని బర్క్‌లీలో మెక్‌మిలన్, ఏబెల్సన్ యురేనియం నుంచి నెప్ట్యూనియాన్ని పొందినది ఈ మార్గంలోనే. ప్లుటోనియాన్ని కూడా పటం ఈ ఖండంలోనే చేర్చింది. అణు రియాక్టర్లలో అది రాశులుగా తయారయ్యే పద్ధతి ఇదే కాబట్టి పెద్ద తప్పేమీ కాదు గాని, సీబోర్గ్ బృందం 1941 ఆరంభంలో దానిని మొదట గుర్తించినది యురేనియంపై డ్యుటెరాన్లను (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ గల కేంద్రకాలను) ప్రయోగించి. ఒక చుక్క గుర్తు పెట్టి కింద ఒక వాక్యం రాస్తే సరిపోయేది.

ఇదే ఖండంలో 99, 100 సంఖ్యల దగ్గర పటం చేసిన పని నాకు నచ్చలేదు. ఐన్‌స్టీనియం, ఫెర్మియం పక్కన ఒక రియాక్టరు బొమ్మ వేసి ఊరుకున్నారు. ఆ రెండూ మొదట దొరికినది రియాక్టరులో కాదు. 1952 నవంబరు 1న పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ పగడపు దీవుల వద్ద అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు శిథిలాలలో. పేలుడు మేఘంలోకి విమానాలను పంపి వడపోత కాగితాలపై నమూనాలు సేకరించారు. వాటిలో ఒక విమానం తిరుగుదారిలో సముద్రంలో కూలి పైలట్ మరణించారు. ఆ పేలుడులో యురేనియం-238 కేంద్రకాలు కొన్ని క్షణంలో పదిహేను, పదిహేడు న్యూట్రాన్లను మింగి, వరుసగా క్షయమవుతూ ఆ మూలకాలుగా మారాయి. ఈ సంగతి 1955 వరకు రహస్యంగానే ఉండిపోయింది. బడి గోడమీద బాంబు ప్రస్తావన వద్దనుకున్నారేమో తెలియదు గాని, పదిహేడేళ్ళ పిల్లలకు దాచవలసిన విషయమని నేననుకోను. అబద్ధపు బొమ్మ కంటే ఖాళీ గడి నయం.

ఫెర్మియం తరువాత రంగు మారడానికి కారణాన్ని మాత్రం పటం చక్కగా చెప్పింది. న్యూట్రాన్లను ఒక్కొక్కటిగా మింగించుకుంటూ పోతే ఫెర్మియం-258 దగ్గర దారి మూసుకుపోతుంది. ఆ ఐసోటోపు (న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా గల అదే మూలకపు రూపం) సెకనులో వెయ్యోవంతు కూడా నిలవకుండా తనంతట తానే విచ్ఛిత్తి చెందుతుంది, అంటే రెండుగా చీలిపోతుంది. అందువల్ల 101 నుంచి పైకి వెళ్ళాలంటే కణాలను మహావేగంతో విసిరే త్వరణయంత్రం తప్ప గత్యంతరం లేదు. రెండు ప్రోటాన్లు గల ఆల్ఫా కణాల ఖండంలో 96, 97, 98 సంఖ్యలతోపాటు 101 కూడా చేరినది ఇందుకే. 1955లో బర్క్‌లీలో ఘియోర్సో, సీబోర్గ్ తదితరులు దాదాపు వందకోట్ల ఐన్‌స్టీనియం పరమాణువులను రేకుపై పలుచగా పూసి ఆల్ఫా కణాలతో కొట్టగా, 99కి 2 కలిసి మెండలీవియం వచ్చింది. ఆ ప్రయోగాల్లో గుర్తించగలిగినవి పదిహేడు పరమాణువులు. ఒక్కొక్క విచ్ఛిత్తికి భవనంలోని అగ్నిప్రమాద గంట మోగేలా ఘియోర్సో తీగలు కలిపాడని, అగ్నిమాపక సిబ్బంది దానికి అభ్యంతరం చెప్పారని ప్రసిద్ధి. తూకానికి అందని, కంటికి కనిపించని పదార్థాన్ని ఒక మూలకమని ఎలా నమ్మగలమన్న ప్రశ్న తరగతిలో తప్పక వస్తుంది కాబట్టి ఈ కథ ఉపాధ్యాయుడి దగ్గర సిద్ధంగా ఉండాలి. పటంలో అది లేదు.

ఆ ప్రశ్నకు సమాధానం నిజానికి పట్టీలో లేకపోవడమే దాని అసలు లోపం. కలిపే విధానం చూపారు, కలిసినట్టు తెలుసుకునే విధానం చూపలేదు. లక్ష్యాన్ని దాటి వచ్చే పుంజంలో (కొట్టే కణాల ప్రవాహంలో) కోట్లాది అయాన్లు కొత్త కేంద్రకంతోపాటే దూసుకువస్తాయి. అయస్కాంతాలతో వాటిని దారి మళ్ళించి బరువైన కొత్త కేంద్రకాన్ని మాత్రం ముందుకు పోనిస్తారు. మన వైపు కళ్ళాల్లో వేరుశనక్కాయలు తూర్పారబట్టినప్పుడు పొట్టు ఒకవైపుకు, కాయ ఒకవైపుకు పడినట్టు. అలా వచ్చిన కేంద్రకం సిలికాన్ డిటెక్టరులో నాటుకుని, ఒక్కొక్క ఆల్ఫా కణాన్ని వదులుతూ ఒక్కొక్కసారి రెండేసి మెట్లు దిగుతుంది. 113 నుంచి 111, అక్కడినుంచి 109, ఆ తరువాత 107. ప్రతి మెట్టులోనూ విడుదలయ్యే శక్తిని, పట్టే కాలాన్ని కొలిచి, అట్టడుగున ముందే పరిచయమున్న కేంద్రకం తగిలితే, పైనున్నదెవరో వెనక్కు లెక్కకట్టి నిర్ధారిస్తారు. కొడుకును చూసి తండ్రిని గుర్తించే ఈ పద్ధతిని ఒక చిన్న మెట్ల బొమ్మతో చూపవచ్చు. పట్టీ కుడి చివర ప్రచురణకర్తల ఇతర పటాల ప్రకటన ఆక్రమించిన చోటు అందుకు సరిగ్గా సరిపోయేది.

చివరి రెండు ఖండాలు ఈ పటానికి ప్రాణం. 107 నుంచి 113 వరకు సీసం లేదా బిస్మత్‌ను లక్ష్యంగా పెట్టి, క్రోమియం, ఇనుము, నికెల్, జింకు కేంద్రకాలతో కొట్టారు. 1982 ఆగస్టు 29న డార్మ్‌స్టాట్‌లో మైట్నీరియం పుట్టినప్పుడు తేలినది ఒకే ఒక్క పరమాణువు. ఆ పద్ధతిలో పైకి పోయేకొద్దీ ఫలితం మరింత అరుదైపోవడంతో, రష్యాలోని డబ్నా శాస్త్రవేత్తలు తీరు మార్చి కాల్షియం-48ను ఎంచుకున్నారు. సహజ కాల్షియంలో 0.187 శాతం మాత్రమే ఉండే ఈ ఐసోటోపులో ఇరవై ప్రోటాన్లకు ఇరవై ఎనిమిది న్యూట్రాన్లు ఉంటాయి. ఆ అదనపు న్యూట్రాన్లే కొత్త కేంద్రకం కొంతసేపైనా నిలదొక్కుకోవడానికి తోడ్పడతాయి. ప్లుటోనియం 94కు 20 కలిపితే 114, అమెరీషియం 95కు కలిపితే 115, క్యూరియం 96కు కలిపితే 116, బెర్కిలియం 97కు కలిపితే 117. నాలుగు కూడికలను ఒకదాని కింద ఒకటి పేర్చిన తీరు ఎంత స్పష్టంగా ఉందంటే, ఉపాధ్యాయుడు నోరు విప్పకుండానే పాఠం పూర్తవుతుంది.

కాని 117 గడిలోని ‘బెర్కిలియం’ అనే ఒక్క మాట వెనుక ఎంత శ్రమ ఉన్నదో పటం చూసినవారికి తెలియదు. ఆ మూలకం ఏ దుకాణంలోనూ దొరకదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టరులో నెలల తరబడి న్యూట్రాన్ల మధ్య ఉంచి, మరో మూడు నెలలు శుద్ధిచేస్తే తేలినది 22 మిల్లీగ్రాములు. దాని అర్ధాయువు (ఉన్నదానిలో సగం క్షయమవడానికి పట్టే కాలం) దాదాపు 330 రోజులు కావడంతో, వేరుచేసిన క్షణం నుంచే సరుకు తరిగిపోవడం మొదలైంది. ఇంతలో కాగితాలు సరిగా లేవని రష్యా కస్టమ్స్ వారు తిప్పి పంపడంతో ఆ పెట్టె అట్లాంటిక్ సముద్రాన్ని ఐదుసార్లు దాటవలసి వచ్చింది. చివరికి డబ్నాలో సుమారు 150 రోజులు కాల్షియం పుంజంతో కొట్టగా 2010లో ప్రకటించగలిగినవి ఆరు పరమాణువులు. కృత్రిమ మూలకాన్ని తయారుచేయడానికి ముందు మరో కృత్రిమ మూలకాన్ని తయారుచేసుకోవాలన్న సంగతి విద్యార్థికి తెలియజెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

ఇక పటంలోని ఘోరమైన తప్పు దగ్గరకు వద్దాం. దీనిని పట్టుకున్నది మా విద్యార్థిని. “సార్, 114 నుంచి 117 దాకా అన్నిటికీ కాల్షియమే వాడినారు గదా, ఆఖరుదానికి మాత్రం క్రిప్టాన్ ఎందుకు వాడినారు?” అని అడిగింది. చూస్తే, ఒగనెస్సాన్ గడిలో ‘సీసం 82 + క్రిప్టాన్ 36 = 118, బర్క్‌లీ, 1999’ అని అచ్చయి ఉంది. కూడిక సరైనదే, కాని ఆ సంఘటన జరగలేదు. 1999లో బర్క్‌లీ బృందం అలా ప్రకటించిన మాట నిజం. ఇతర ప్రయోగశాలల్లో ఎంత ప్రయత్నించినా ఆ ఫలితం రాకపోవడంతో అసలు దత్తాంశాలను మళ్ళీ పరిశీలించగా, చెప్పిన క్షయశ్రేణులు, అంటే మెట్లు దిగిన జాడలు, అందులో లేనే లేవని తేలింది. పత్రాన్ని 2002లో ఉపసంహరించుకున్నారు, కల్పించిన శాస్త్రవేత్తను ప్రయోగశాల ఉద్యోగం నుంచి తొలగించింది. నిజంగా 118ని సాధించినది డబ్నా, అమెరికాలోని లివర్మోర్ శాస్త్రవేత్తల ఉమ్మడి బృందం; కాలిఫోర్నియం 98కి కాల్షియం 20 కలిపి. 2015 డిసెంబరు 30న దానికి గుర్తింపు లభించింది, 2016 నవంబరులో డబ్నా శాస్త్రవేత్త యూరి ఒగనెస్సియాన్ గౌరవార్థం పేరు ఖరారైంది. డబ్నా శాస్త్రవేత్త పేరు పెట్టిన మూలకాన్ని బర్క్‌లీ ఖాతాలో వేయడం వింతగా ఉందని అచ్చువేసేముందు ఎవరికీ తోచకపోవడం ఆశ్చర్యం. దుకాణదారుకు ఈ విషయం చెబితే, “మీరే ఒక కాగితంమీద రాసియ్యండి సార్, సరుకు పంపేవాళ్ళకు ఇస్తాను” అన్నారు. రాసి ఇచ్చాను.

చిన్న తప్పులు మరికొన్ని ఉన్నాయి. 104, 105 మూలకాల ఘనతను బర్క్‌లీకే కట్టబెట్టారు. అంతర్జాతీయంగా ఆ రెండింటి ఆవిష్కరణను డబ్నా, బర్క్‌లీల మధ్య పంచారు, ఆ తగవు తీరి పేర్లు స్థిరపడేసరికి 1997 అయింది. కృత్రిమ మూలకాలకు పరమాణు భారం బదులు ఎక్కువకాలం నిలిచే ఐసోటోపు ద్రవ్యరాశి సంఖ్యను కుండలీకరణాల్లో వేయడం ఆనవాయితీ. ఈ పటంలో కొన్నింటికి వేసి కొన్నింటికి వదిలేశారు. అర్ధాయువుల గడిలో 104 నుంచి పైనున్నవాటికి మూకుమ్మడిగా ‘కొన్ని సెకన్లు’ అని రాయడం మరీ బద్ధకం. డబ్నియం-268 అర్ధాయువును గంటల్లో చెప్పాలి, ఒగనెస్సాన్-294ది సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ. ఈ రెండింటికీ ఒకే మాట ఎలా సరిపోతుంది?

‘ఉపయోగాలు’ అనే వరుసలో 95 నుంచి 118 దాకా ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసినది చూసి మాత్రం నాకు కోపం వచ్చింది. 95వ మూలకపు ఐసోటోపు అమెరీషియం-241 అర్ధాయువు 432 సంవత్సరాలు. అయనీకరణ రకపు పొగ హెచ్చరిక పరికరాల్లో మైక్రోగ్రాములో కొంతభాగం ఇది ఉంటుంది. కాంతితో పనిచేసే పరికరాలు వచ్చాక ఆ రకం తగ్గుముఖం పట్టిందన్నది వేరే సంగతి. కాలిఫోర్నియం-252 ఒక్క మైక్రోగ్రాము సెకనుకు 20 లక్షలకు పైగా న్యూట్రాన్లను వెదజల్లుతుంది కాబట్టి, రియాక్టర్లను మొదలుపెట్టడానికీ చమురు బావులను పరీక్షించడానికీ వాడతారు. ఇక క్యూరియం సంగతి మన జిల్లావారికి ప్రత్యేకంగా తెలియాలి. చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్, చంద్రుడి మట్టిలో ఏ మూలకాలున్నాయో తెలుసుకోవడానికి క్యూరియం-244 నుంచి వెలువడే ఆల్ఫా కణాలను, ఎక్స్ కిరణాలను మట్టిపై ప్రసరింపజేసి, అది తిరిగి వెదజల్లే ఎక్స్ కిరణాలను చదివింది. అది 2023 జూలై 14న బయలుదేరిన శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలోనిదే. ప్రయోగశాలలో మనిషి చేసిన మూలకం ఒకటి మన జిల్లా నేలమీది నుంచి చంద్రుడి మీదికి వెళ్ళి పనిచేస్తే, తిరుపతిలో అమ్మే పటం దానిని నిరుపయోగమని చెబుతోంది.

యురేనియాన్ని ‘ప్రకృతిలో లభించే ఆఖరి మూలకం’ అని రాసి, పక్క కడప జిల్లాలోని తుమ్మలపల్లె గని ఫొటో వేసినందుకు అభినందించాలి. ఖనిజంలో నెప్ట్యూనియం, ప్లుటోనియం కూడా అతి స్వల్పంగా పుడుతుంటాయి కాబట్టి ‘గణనీయంగా’ అనే మాట చేర్చితే నిక్కచ్చిగా ఉండేది.

ఇన్ని లోపాలు చెప్పిన తరువాత కూడా ఈ పటాన్ని కొనమనే నా సలహా. 118 గడిని సరిదిద్దితే చాలు, పట్టీలోని కూడికలే విద్యార్థిని 119 గుమ్మం దాకా తీసుకువెళతాయి. కాల్షియం 20తో 119 రావాలంటే లక్ష్యంగా 99వ మూలకం కావాలి. లక్ష్యానికి మిల్లీగ్రాములు అవసరమైతే ఐన్‌స్టీనియం మైక్రోగ్రాముల్లోనే లభిస్తుంది. కాబట్టి పుంజాన్నే బరువెక్కించాలి. రైకెన్‌లో వనేడియం 23ను క్యూరియం 96పై ప్రయోగిస్తున్నది ఇందుకే. బర్క్‌లీ బృందం టైటానియం 22ను ప్లుటోనియం 94తో ఢీకొట్టి, 22 రోజుల్లో రెండు లివర్మోరియం (116) పరమాణువులను పొందినట్టు 2024లో ప్రకటించింది. అదే టైటానియాన్ని కాలిఫోర్నియం 98పై ప్రయోగించి 120ని అందుకోవాలన్నది వారి ఉద్దేశం. మా తరగతిలో ఈ రెండు కూడికలను విద్యార్థులే బోర్డుమీద వేశారు. పటంలో మాత్రం 119తో మొదలయ్యే ఎనిమిదో వరుసకు చోటు వదలలేదు.

కొనేవారికి చివరిగా ఒక జాగ్రత్త. ఇదే పటం మడతపెట్టినది, చుట్టగా చుట్టినది అని రెండు రకాలుగా ఒకే ధరకు అమ్ముతున్నారు. మడతపెట్టినదానిలో కింది మడత సరిగ్గా పసుపు పట్టీ మీదుగా పోయి, 107 నుంచి 113 వరకు గల అంకెలపై లామినేషన్ పగిలి తెల్లబడుతోంది. చుట్టినదే అడిగి తీసుకోవాలి, దుకాణంలోనే విప్పి చూసుకోవాలి.